ఆ కన్ను దానంతటదే బాగవదు

ఈ మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి టెన్త్ బ్యాచ్ గ్రూపులోకీ వచ్చింది. "నోబెల్ కోసం పిల్లికూనల కళ్లు కుట్టేసిన సైంటిస్టులు" అని హెడ్డింగు. కింద, మెదడు చూపును ఎలా అర్థం చేసుకుంటుందో కనిపెట్టి నోబెల్ అందుకున్న హ్యూబెల్, వీజెల్‌ల ఫొటో, ఐదు ఆరోపణలు, చివర్లో "పదిమందికీ పంపండి" అన్న ఆజ్ఞ. పంపినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఒళ్లు మండేది అందుకే.

మొదటి ఆరోపణ: వాళ్లకు కలిసొచ్చింది అదృష్టమేనట. 1958లో బాల్టిమోర్‌లో స్లైడు అంచు నీడ తెర మీద కదిలినప్పుడు పిల్లి మెదడులోని కణం స్పందించిన మాట నిజమే. చుక్కలు చూపిస్తే ఉలకని కణం, ఒక వాలులో కదిలే గీతకు, దాని సంకేతాల్ని వినిపించే లౌడ్‌స్పీకర్‌లో టపటపలాడింది. ఆ తర్వాత ఇద్దరూ సుమారు 20 ఏళ్లు ఒక్కో కణాన్నీ పరీక్షిస్తూ కూర్చున్నారు. దాన్నీ అదృష్టమే అనాలంటే అనండి.

పిల్లి వేరు, మనిషి వేరట. కోతుల్లోనూ అదే తేలింది. తర్వాతిది.

ప్యాచ్, అంటే మందమైన కన్ను పనిచేయడానికి మంచి కంటిని మూసే పట్టీ, వాళ్లు కనిపెట్టింది కాదట. కాదు. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో బ్యూఫోన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బాగున్న కంటిని మూయమన్నాడు. అది ఎందుకు పనిచేస్తుందో, ఆలస్యమైతే ఎందుకు చేయదో చెప్పింది వీళ్లు.

ఇక అసలు విషం నాలుగోది: "చిన్నపిల్లలకు ఒక కన్ను మందంగా ఉంటే వయసొచ్చాక అదే సర్దుకుంటుంది. ప్యాచ్‌లు, ఆపరేషన్లు డాక్టర్ల బిజినెస్."

1963లో వాళ్లు చూపించింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పుట్టిన కూనకు ఒక కన్ను మూడు నెలల దాకా మూసి, తర్వాత తెరిచారు. కంటికి దాదాపు ఏమీ కాలేదు. కానీ మెదడులో ఆ కంటి మాట వినే కణాలు దాదాపు లేవు, అన్నీ రెండో కంటి వైపు వెళ్లిపోయాయి. పెద్ద పిల్లికి అంతకాలం మూసినా ఏమీ కాలేదు. ఇంకో విచిత్రం, రెండు కళ్లూ మూస్తే నష్టం అనుకున్నంత లేదు. అంటే కన్ను ఖాళీగా ఉండటం ఒక్కటే కాదు, పక్క కన్ను దాని చోటు లాగేసుకోవడం కూడా కారణం. అందుకే మంచి కంటికి ప్యాచ్ వేస్తారు, మందంగా ఉన్నదానికి కాదు.

శుక్లంతో పుట్టిన పిల్లల విషయంలో ఇది తేడా తెచ్చింది. పిల్ల కాస్త పెద్దదయ్యాక ఆపరేషన్ చేస్తే కన్ను శుభ్రంగా ఉండేది, చూపు వచ్చేది కాదు. ఇప్పుడు ఒక కంటిలోనే శుక్లం ఉంటే పుట్టిన ఆరు వారాలకల్లా తీయాలని చూస్తారు. తర్వాత లెన్సో అద్దాలో, ఏళ్ల తరబడి ప్యాచ్. పిల్లలు చెప్పరు కూడా, ఒక కన్ను బాగా కనిపిస్తుంటే రెండోది కనిపించట్లేదని వాళ్లకే తెలియదు. కంటిపాపలో తెల్లగా మెరుపు కనిపిస్తే మాత్రం వారం కూడా ఆగొద్దు, కొన్నిసార్లు అది శుక్లం కాదు, క్యాన్సర్. మెల్లకన్ను అదృష్టమనే పెద్దవాళ్లు మనకు ఎలాగూ ఉన్నారు, ఇప్పుడు వాట్సాప్ వాళ్లకు తోడైంది.

ఐదోది చదివి నవ్వొచ్చింది: "8 ఏళ్లు దాటితే ఏం చేసినా వృథా." ఇప్పుడేగా పెద్దయ్యేదాకా ఆగమన్నారు! ఆగాక వృథా అంటున్నారు. మరి పిల్లను ఏ రోజు తీసుకెళ్లాలి, అమావాస్య నాడా?

అయితే ఈ మాట ఫార్వర్డ్ చేసినవాళ్లు పుట్టించింది కాదు. చాలామంది కంటి డాక్టర్లే ఏళ్ల తరబడి తల్లిదండ్రులకు ఇదే చెప్పి పంపేశారు, హ్యూబెల్, వీజెల్‌ల పనినే సాక్ష్యంగా చూపించి. వాళ్లు వదిలివెళ్లినదాంట్లో ఇదీ ఒక భాగమే, ఒప్పుకోవాలి. కూనల బాధ కూడా నిజమే, దాన్ని నేను తేలిక చేయను. కానీ 8 దాటితే వృథా అన్న మాట నిలబడలేదు. 2005లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అద్దాలతో పాటు ప్యాచ్, చుక్కల మందు ఇస్తే సగం మందికి చార్టులో రెండు వరుసల మేర చూపు మెరుగైంది. అద్దాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో పావు వంతుకే. 13 దాటినవాళ్లలో అంతకుముందు చికిత్సే అందనివాళ్లకు కొంత ఫలం దక్కింది. మన దేశంలో పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో పుట్టుకతోనే చూపు లేని పిల్లలకు 8 దాటాక ఆపరేషన్లు చేశారు. చూపు పదును పూర్తిగా రాలేదు, వస్తువుల్ని చూసి గుర్తుపట్టడం మాత్రం నేర్చుకున్నారు.

కాబట్టి పదేళ్ల పిల్లాడినైనా తీసుకెళ్లండి. "లేటైంది" అని ఒక డాక్టర్ అంటే ఇంకొకరికి చూపించండి.