క్లబ్‌హౌస్‌లో పదకొండు మంది

ఇప్పుడే క్లబ్‌హౌస్ తాళం వేసి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. మా అపార్ట్‌మెంట్లో 140 ఫ్లాట్లు. సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషిని ఛాతీ నొక్కి కాపాడే పద్ధతి, నేర్పిస్తాం రండి రండి అని వారం రోజులుగా గ్రూపులో మొత్తుకుంటే వచ్చింది పదకొండు మంది. అందులో ముగ్గురు పిల్లలు. వినాయక చవితి లడ్డూ వేలంపాటకి ఇదే హాల్లో నిలబడ్డానికి చోటు లేదు!

పైగా సెక్రటరీ గారి మెసేజ్. "బీ బ్లాకులో డాక్టరు గారున్నారు కదండీ, మనకెందుకివన్నీ" అట. ఆ డాక్టరు గారు పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. మధ్యాహ్నం రెండింటికి ఎవరైనా పడిపోతే? గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చేయకుండా చూస్తూ నిలబడితే నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున బతికే అవకాశం జారిపోతుంది. 108కి ఫోన్ చేయాల్సిందే, కానీ ఆ బండి ట్రాఫిక్ దాటి, మన గేటుకి అడ్డంగా పెట్టిన కార్లు దాటి పైకి రావాలి. మా లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. బిల్డరుకి మూడేళ్ళుగా చెబుతున్నాం, ఒక్కసారి వచ్చి చూసిన పాపాన పోలేదు. అంతవరకూ పక్కనున్నవాడి చేతులే దిక్కు.

నాకింత కోపం ఎందుకంటే మా బాబాయి. ఆరేళ్ళ కిందట తెనాలిలో పెళ్ళి. రెండో బంతిలో విస్తరి ముందు కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. చుట్టూ రెండొందల మంది. "గ్యాస్ పట్టేసింది, సోడా తాగించండి" అన్నారొకరు. ఇంకొకరు తాళాల గుత్తి గుప్పిట్లో పెట్టారు. అరికాళ్ళు రుద్దారు, మొహాన నీళ్ళు కొట్టారు. నేను అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. వీడియో తీసేవాడి లైటు ఆయన మొహం మీదే ఉంది. ఆయన నోరు తెరుచుకుని, ఒడ్డున పడ్డ చేపలా ఆగి ఆగి గాలి మింగుతుంటే "ఊపిరాడుతోంది, భయం లేదు" అనుకున్నాం. అది ఊపిరి కాదట. గుండె ఆగిన మనిషిలో కాసేపు అలా ఎగపోత కనిపిస్తుందట, వెంటనే నొక్కడం మొదలుపెట్టాలట. ఇవాళ ట్రైనర్ చెబితే తెలిసింది. ఆరేళ్ళూ మా పిన్నికి నేను "ఊపిరుండగానే ఆసుపత్రికి తీసుకెళ్ళాం పిన్నీ" అని చెబుతూ వచ్చాను.

చేయాల్సిందల్లా ఛాతీ నడిమధ్య అరచేతి కింది భాగం ఆన్చి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతున నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోట్లో ఊదడం రాకపోతే మానేయండి, పెద్దవాళ్ళకి ఆగకుండా నొక్కినా మేలే. పక్కటెముక విరుగుతుందేమో అంటారు. విరిగితే అతుక్కుంటుంది! గంటలో వచ్చే విద్య ఇది.

హాల్లో ఒకాయన "ఆడవాళ్ళకైతే ఎలాగండీ, చెయ్యెలా వేస్తాం" అని నవ్వాడు. రేపు మా అమ్మ మార్కెట్లో పడిపోతే ఇలాంటి మగాళ్ళు చుట్టూ నిలబడి సిగ్గుపడతారన్నమాట. నాకు ఆ నవ్వు ఇంకా దిగడం లేదు.

అసలు బడిలోనే నేర్పాలి కదా. మాకు వారానికి రెండు పీటీ పీరియడ్లుంటే రెండూ లెక్కల సారే తీసుకునేవారు. పదేళ్ళు చదివాం, పడిపోయిన మనిషిని ఏం చేయాలో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. డెన్మార్కులో 2006 నుంచి ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేయనిదే డ్రైవింగ్ లైసెన్సివ్వరు. నాకు లైసెన్సు ఇచ్చినప్పుడు ఎనిమిది అంకె వేయించి పంపించారు, అంతే.

ఇవాళ అందరికంటే బాగా చేసింది మా వాచ్‌మన్ భార్య. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని చూస్తూ "సార్, నేను చేయొచ్చా" అని అడిగింది. కొంగు బిగించి మోకాళ్ళ మీద కూర్చుంది. లోతు సరిపోతేనే ప్రాక్టీసు బొమ్మలోంచి టిక్‌మని వినిపిస్తుంది. ఆమె ముప్ఫై నొక్కితే ముప్ఫై టిక్కులు. చెమట తుడుచుకుని, ఇంకోసారి చేస్తానంది.

వచ్చే ఆదివారం మళ్ళీ పెడుతున్నాను. పది గంటలకి. సెక్రటరీ గారి తలుపు నేనే వెళ్ళి కొడతాను.