రోజుకు పన్నెండు నిమిషాలు

2025 సెప్టెంబరులో అండమాన్ తూర్పు తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో, శ్రీవిజయపురం-2 అనే బావిలో గ్యాస్ పడిందని పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పురీ ప్రకటించారు. పరీక్షకు పంపిన గ్యాస్‌లో 87 శాతం మీథేన్ ఉందన్నారు. అంతకు కొన్ని నెలల ముందే, దక్షిణ అమెరికా దేశం గయానాలో ఉన్నంతటి చమురు నిక్షేపం అండమాన్‌లో దొరకొచ్చని కూడా ఆయనే అని ఉండటంతో, ఇక చూడండి, వాట్సాప్ గ్రూపుల్లో మనం అప్పుడే సౌదీ వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం. ఒక బావిలో గ్యాస్ కనిపించడం మంచి వార్తే. కింద ఎంతుంది, ఎంత పైకి వస్తుంది, తీసిన ఖర్చు గిట్టుతుందా అన్నవి ఇంకా తేలాల్సిన సంగతులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మేమొక చిన్న లెక్క వేసుకున్నాం. కాలిక్యులేటర్ ఉంటే మీరూ వేసుకోవచ్చు. మన దేశం రోజుకు సుమారు 55 లక్షల బ్యారెళ్ళ చమురు వాడుతుంది. కాకినాడ తీరం నుంచి 30 కిలోమీటర్ల అవతల ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు పైకొచ్చింది, గుర్తుందా? టీవీల్లో పండగ చేశారు. ఆ బ్లాకు పూర్తి స్థాయికి చేరితే రోజుకు 45,000 బ్యారెళ్ళు ఇస్తుందని అప్పుడు చెప్పారు. 55 లక్షల్లో 45 వేలు, అంటే ఇరవై నాలుగ్గంటల్లో పన్నెండు నిమిషాలు. దేశంలోని లారీలు, బస్సులు, విమానాలు, ఫ్యాక్టరీలు, మన బళ్ళు అన్నీ కలిసి ఆ బ్లాకు ఒక రోజంతా తోడిన చమురును పన్నెండు నిమిషాల్లో తాగేస్తాయి. పొద్దున పాలవాడు వచ్చి వెళ్ళేలోపు ఆ రోజు కోటా ఖాళీ.

గయానా సంగతీ ఇదే లెక్కతో చూద్దాం. అక్కడ ఎక్సాన్ 2015లో చమురు కనిపెట్టింది, 2019 చివర్లో ఉత్పత్తి మొదలైంది, 2025లో రోజుకు తొమ్మిది లక్షల బ్యారెళ్ళ సామర్థ్యానికి చేరింది. ఈ కాలంలో ప్రపంచంలో ఇంత వేగంగా ఎదిగిన క్షేత్రం మరొకటి లేదనే చెప్పాలి. గయానా జనాభా ఎనిమిది లక్షలు, అంటే మన విజయవాడ కంటే తక్కువ, కాబట్టి వాళ్ళ బతుకు మారిపోయింది. అదే క్షేత్రం అక్షరాలా అలాగే అండమాన్‌లో పడిందనుకోండి. మన వాడకంలో అది నాలుగ్గంటల లోపే. మిగతా ఇరవై గంటలకూ మళ్ళీ గల్ఫ్ వైపో రష్యా వైపో చూడాల్సిందే.

అలాగని ఆశ పెట్టుకోవడమే తప్పని మేం అనడం లేదు. ఒకసారి ఆ ఆశ నిజంగానే ఫలించింది. 1974లో సాగర్ సమ్రాట్ రిగ్గు బొంబాయి హై దగ్గర చమురు పట్టింది, 1980ల మధ్యకు వచ్చేసరికి దేశ అవసరాల్లో మూడింట రెండొంతులకు పైగా ఇక్కడే తీసేవాళ్ళం. ఇప్పుడు 88 శాతం దిగుమతి. మరి చమురు ఏమైపోయింది అని అడుగుతారేమో, ఏమీ కాలేదు. అప్పుడు ఏడాదికి సుమారు 2.9 కోట్ల టన్నులు తీసేవాళ్ళం, 2024-25లో తీసింది కూడా దాదాపు అంతే. వాడకమే నాలుగు కోట్ల టన్నుల నుంచి ఇరవై నాలుగు కోట్ల టన్నులకు పెరిగింది. బావి ఎండిపోకముందే ఇంట్లో జనం ఆరింతలయ్యారు.

బొంబాయి హై తర్వాత మనకు దొరికిన వాటిలో కొన్ని కాస్త తిక్క చమురులు. రాజస్థాన్ బార్మర్ ఎడారిలో షెల్ కంపెనీ వాటా వదులుకుని వెళ్ళిపోయిన చోట 2004లో కెయిర్న్ వాళ్ళకు మంగళ క్షేత్రం పడింది. ఆ చమురు కొవ్వొత్తి మైనం లాంటిది, వేడి తగ్గితే గడ్డ కడుతుంది. దాన్ని గుజరాత్ తీరానికి చేర్చాలంటే దారి పొడవునా వెచ్చగా ఉంచే పైపు, దాదాపు 670 కిలోమీటర్లు వేయాల్సి వచ్చింది. ఎడారిలో చమురును కాచుకుంటూ తీసుకెళ్ళడం, చెప్తే నమ్మేలా లేదు కానీ చేశారు, మన ఇంజనీర్లను మెచ్చుకోవాలి. మంచి రోజుల్లో చుట్టుపక్కల క్షేత్రాలతో కలిపి ఆ బ్లాకు రోజుకు రెండు లక్షల బ్యారెళ్ళు ఇచ్చింది, మన లెక్కలో యాభై రెండు నిమిషాలు. ఇప్పుడు అందులో సగం కంటే కిందికి పడిపోయింది. కాకినాడ 98/2 చమురుకూ ఇదే మైనం జబ్బు. సముద్రం అడుగున చల్లటి నీళ్ళలో గడ్డ కట్టకుండా పైపులో పైపు పెట్టి తీస్తున్నారు. తొలి చమురు గడువు పలుమార్లు జారిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ కష్టం కూడా ఒకటి. పశ్చిమ బెంగాల్ అశోక్‌నగర్‌లో కోల్‌కతాకు యాభై కిలోమీటర్ల దూరంలో పొలాల కింద చమురు దొరికింది, 2020 డిసెంబరులో ప్రారంభోత్సవం కూడా చేశారు, ఆ తర్వాత మైనింగ్ లీజు దగ్గర కేంద్రానికీ రాష్ట్రానికీ ఏళ్ళ తరబడి పేచీ. నేలలో ఉన్నది వేరు, ట్యాంకులో పడేది వేరు.

(నేలలో లేకపోయినా ట్యాంకులో పోస్తానన్నవాళ్ళూ ఉన్నారు. 1996లో తమిళనాడులో ఒకాయన ఆకులూ మూలికలూ ఉడకబెట్టి పెట్రోలు తీస్తానంటే పెద్దపెద్ద శాస్త్రవేత్తలు కూర్చుని చూశారు, పత్రికలు మొదటి పేజీల్లో వేశాయి. ఇరవై ఏళ్ళకు చెన్నై కోర్టు మోసమని తేల్చి జైలు శిక్ష వేసింది. చమురు విషయంలో మనకు నమ్మాలన్న కోరిక ఎంత బలమైనదో చూడండి.)

ఈ కథంతా తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కృష్ణా గోదావరి బేసిన్ అనే మాట 2000ల్లో మన ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2005 జూన్‌లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, వాళ్ళ రాష్ట్ర కంపెనీ జీఎస్‌పీసీకి మన తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించారు. దీన్ దయాళ్ అని పేరు కూడా పెట్టారు (సోమలింగం గుర్తొస్తే మా తప్పు కాదు). తర్వాత ఆమోదం పొందిన ప్రణాళికలో తేలింది రెండు లక్షల కోట్ల లోపే. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. చివరికి 2017లో ఓఎన్‌జీసీ ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను 7,700 కోట్ల రూపాయలకు పైగా పెట్టి కొనాల్సి వచ్చింది, ఓఎన్‌జీసీ అంటే మన డబ్బే.

అదే బేసిన్‌లోని రిలయన్స్ డీ6 బ్లాకు కథ ఇంకా పెద్దది. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. రోజుకు ఎనిమిది కోట్ల ఘనపు మీటర్లు అన్నారు, 2010లో ఆరు కోట్లు దాటింది, ఆ తర్వాత జారుడుబండ. తొలి రెండు క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరిలో, కోనసీమలో, కొండపల్లిలో వేల కోట్లు పెట్టి కట్టిన, విస్తరించిన కరెంటు ప్లాంట్లు గ్యాస్ లేక ఖాళీగా పడున్నాయి, బ్యాంకుల అప్పులు మొండి బాకీలయ్యాయి. బావులు తక్కువ తవ్వారని ప్రభుత్వం, నేల కింద తీరే అంతని కంపెనీ, తగవు మధ్యవర్తుల దాకా వెళ్ళింది. న్యాయంగా చెప్పాలంటే అక్కడే మరింత లోతులో 2020 చివరి నుంచి కొత్త క్షేత్రాలు ఉత్పత్తిలోకి వచ్చాయి, దేశంలో తీసే గ్యాస్‌లో ఒక దశలో మూడో వంతు దాకా అక్కడిదే. కాబట్టి కేజీ బేసిన్ అబద్ధం కాదు. దాని చుట్టూ అల్లిన అంకెలే అబద్ధమయ్యాయి.

ఇక తీరంలో ఉన్నవాళ్ళ సంగతి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, 65 రోజులు మండింది. ఆ వెలుగులో రాత్రిళ్ళు కరెంటు లేకుండా పేపరు చదివామని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్ళూ తడీ ఉన్న గ్యాస్ పంపితే లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. దేశ ఇంధన స్వావలంబన అని ఢిల్లీలో అనేవాళ్ళకు ఆ ఊరి పేరు తెలుసో లేదో. సముద్రంలో తీసిన చమురూ గ్యాస్ మీద రాయల్టీ కేంద్రానిది, నేల మీద తీస్తేనే రాష్ట్రానికి. మన తీరం, మన మత్స్యకారులు, మన రిస్కు, రాయల్టీ మాత్రం మనది కాదు. వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గ్యాస్‌లో రాష్ట్రానికి వాటా కావాలని కేంద్రానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

పోనీ ఇంటి ముందు దొరికింది కదా, పెట్రోలన్నా తగ్గుతుందా అంటే అదీ లేదు. కాకినాడ దగ్గర తీసినా, కువైట్ నుంచి తెచ్చినా బ్యారెల్ ధర అంతర్జాతీయ మార్కెట్ ధరే. పైన పన్నులు ఎప్పటిలాగే. మిగిలేది డాలర్లు. 98/2 చెప్పినంత ఇస్తే, బ్యారెల్ 70 డాలర్ల చొప్పున ఏడాదికి సుమారు పది వేల కోట్ల రూపాయల విదేశీ మారకం ఆదా. అది చిన్న మొత్తం కాదు, అందుకే తవ్వండి, ఇంకా తవ్వండి అనే మేమూ అంటాం. 2025 స్వాతంత్ర్య దినోత్సవం నాడు ప్రధాని లోతు సముద్రంలో అన్వేషణకు జాతీయ మిషన్ ప్రకటించినప్పుడు దాన్ని సముద్ర మథనం అన్నారు, పోలిక బాగుంది, కాకపోతే ఆ మథనంలో ముందు వచ్చింది ఏమిటో మన ఇళ్ళలో అమ్మమ్మలను అడిగినా చెప్తారు.

మా అభ్యంతరం తవ్వకం మీద కాదు, ప్రకటన మీద. 2015 మార్చిలో ఇదే ప్రధాని 2022 నాటికి చమురు దిగుమతులపై ఆధారపడటాన్ని పది శాతం తగ్గిస్తామన్నారు. అప్పుడు 77 శాతం దగ్గర ఉన్న అంకె 67కు రావాలి. 88కి వచ్చింది. ఎందుకు వచ్చిందో మేమూ గట్టిగా అడగలేదు, అది మా తప్పే. ఈ మధ్యలో నిజంగా పనికొచ్చిన పనులు చప్పుడు లేకుండా జరిగాయి. విశాఖలో కొండ రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు కట్టారు, మంగళూరు, పాదూరులతో కలిపి 53.3 లక్షల టన్నులు. నిండా నింపితే, 2019-20 నాటి వాడకం లెక్కన, దేశానికి తొమ్మిదిన్నర రోజుల నిల్వ. రోజులు, నిమిషాలు కాదు! గల్ఫ్‌లో ఏ గొడవ వచ్చినా ముందుగా అక్కరకొచ్చేది అదే. దాని మీద వాట్సాప్‌లో ఒక్క ఫార్వర్డ్ కూడా మాకు రాలేదు.

కాబట్టి ప్రభుత్వం ఒక పట్టిక పెట్టాలి. ప్రకటించిన ప్రతి క్షేత్రానికీ ఏ రోజున ఎంత అన్నారు, ఏ ఏడాదికి తీస్తామన్నారు, నిరుడు నిజంగా ఎంత వచ్చింది, తవ్విన చోటి జనానికి ఎంత దక్కింది. చమురు, గ్యాస్ తవ్వకాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ డీజీహెచ్ దగ్గర ఈ లెక్కలన్నీ ఉన్నాయి, ఏటా బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెడితే చాలు. వాళ్ళు పెట్టేలోపు మా వంతు మేం చేస్తాం. ఇకపై ఈ పత్రికలో చమురు దొరికిందని వార్త వేసినప్పుడల్లా, బ్యారెళ్ళ పక్కనే అది దేశానికి రోజులో ఎన్ని నిమిషాలకు సరిపోతుందో కూడా వేస్తాం. అండమాన్ బావి ఎదురుగా ప్రస్తుతానికి ఖాళీ గడి ఉంచాం.