పెన్సిల్ సెల్లు వేప్ సిరోంచకు వస్తే, కొనేదెవరు?

టీవీ రిమోట్‌లో, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లుతో నడిచే వేప్‌లు, అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్లు, విదేశీ మార్కెట్లో ఉన్నాయి. ఛార్జర్ అక్కర్లేదు, సెట్టింగుల గోల లేదు. సెల్లు అయిపోతే కిరాణా కొట్టులో ఇంకోటి కొని వేసుకోవడమే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవే సులువని అమ్మేవాళ్లు చెబుతారు. బ్రిటన్‌లో ఆ మాటకు కొంత అర్థముంది. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చి, మానలేక అవస్థ పడే మనిషికి వేప్ ఒక దారి అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా చెబుతుంది. మరి ప్రాణహిత, గోదావరి కలిసే చోట, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా చివర ఉన్న మన సిరోంచలో అలాంటి మనిషి ఎంతమందిలో ఒకడు?

2016-17 జాతీయ పొగాకు సర్వే చూడండి. మహారాష్ట్రలో పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 3.8 శాతం. పొగ లేని పొగాకు, అంటే నమిలేది, నోట్లో పెట్టుకునేది వాడేవాళ్లు 24.4 శాతం. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు దాని పేరు ఖర్రా. సుపారీ ముక్కలు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి చేత్తో రుద్ది ఇస్తారు. గుట్కా, పాన్ మసాలాలను రాష్ట్రం 2012లోనే నిషేధించింది. ఖర్రా రుద్దే చేతులు మాత్రం ఆగలేదు. మా వైపు తెలుగిళ్లలో మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ ఈ అలవాటు ఉంది. వేసవిలో తునికాకు కోతకు పోయేవాళ్ల కొంగు ముడిలో ఖర్రా పొట్లం ఉంటే ఎవరూ వింతగా చూడరు.

ఖర్రా నమిలే మనిషికి కావలసింది నోట్లో ఊరే రసం, బుగ్గన పెట్టుకునే ముద్ద. ఆవిరి పీల్చి వదిలితే ఆ తృప్తి రాదు. కాబట్టి అతను ఖర్రా మాని వేప్ పట్టుకుంటాడన్న ఆశ నాకు లేదు. ఇక్కడ వేప్ వైపు చెయ్యి చాచేది ఇంతవరకూ ఏ అలవాటూ లేని పిల్లవాడే. పండ్ల వాసన, కొత్త వస్తువు, ఫోన్లో చూసిన రీల్స్, ఇవి చాలు.

సెల్లు సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే అసలు మోసం అక్కడుంది. పెన్సిల్ సెల్లు ఇచ్చేది 1.5 వోల్టులు. మామూలు వేప్‌లో ఉండే లిథియం సెల్లు 3.7 వోల్టులు, నిండా ఛార్జ్ చేస్తే 4.2. రెండు పెన్సిల్ సెల్లులు వరుసగా పెట్టినా 3 వోల్టులే. ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట (కాయిల్) 1.5 ఓమ్‌లది అయితే దానికి లెక్క ప్రకారం 6 వాట్లు అందాలి. కానీ రెండు ఆంపియర్ల కరెంటు లాగేసరికి సెల్లు వోల్టేజీ పడిపోతుంది, ఆ 6 వాట్లూ రావు. గడియారంలో ఏడాది నడిచే సెల్లు ఈ పనికి త్వరగా నీరసపడుతుంది. కొట్లో దొరికే చౌక జింక్-కార్బన్ సెల్లయితే చెప్పక్కర్లేదు.

శక్తి తక్కువైతే ఆవిరీ తక్కువే. ఆ కొద్ది ఆవిరితోనే కిక్ రావాలంటే ద్రవంలో నికోటిన్ ఎక్కువ ఉండాలి. చిన్న పరికరాల్లో నికోటిన్ సాల్ట్ (ఆమ్లం కలిపిన నికోటిన్) ద్రవాలు వాడేది ఇందుకే. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు మండి, కొత్తవాడు దగ్గి వదిలేస్తాడు. సాల్ట్ రూపంలో ఆ మంట తగ్గుతుంది, ఎంత పీల్చాడో ఒంటికి వెంటనే తెలియదు. యూరోపియన్ యూనియన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి ఉంది. అలాంటి కట్టడి లేని మార్కెట్లలో 50 మిల్లీగ్రాముల ద్రవం కూడా అమ్ముతారు. దొంగచాటుగా వచ్చే సీసాలో ఎంతుందో లేబుల్ చూసి నమ్మడానికి లేదు. చూడటానికి బొమ్మలా ఉండే పరికరమే గట్టి నికోటిన్‌ను మెత్తగా లోపలికి పంపుతుందన్నమాట.

ఒక్క మంచి ఒప్పుకోవాలి. ఆల్కలైన్ రకం పెన్సిల్ సెల్లు లిథియంలా భగ్గుమని అంటుకోదు, మహా అయితే కారుతుంది. కాకపోతే ఇంచుమించు అదే సైజులో 14500 అనే లిథియం సెల్లు ఉంది, దాని వోల్టేజీ 3.7. ఆవిరి చాలడం లేదని ఎవరో అది తెచ్చి పెట్టారనుకోండి, ఆ కాస్త మంచీ పోయినట్టే. తర్వాత అదే సెల్లు రిమోట్‌లోకి వెళితే రిమోట్ కూడా.

పోలీసులు, బడుల వాళ్లు పట్టించుకోవలసింది ఇంకోటుంది. గిరిజన పిల్లల ఆశ్రమశాల హాస్టల్లో తెలియని ఛార్జింగ్ వైరు కనిపిస్తే వార్డెన్ ఇదేంటని అడుగుతాడు. పెన్సిల్ సెల్లులు కనిపిస్తే ఎందుకడుగుతాడు? టార్చికో, గడియారానికో అనుకుంటాడు. వానాకాలంలో కరెంటు లేకపోయినా పరికరం ఆగదు. ఇంట్లో ఛార్జింగుకు పెట్టి అమ్మకు దొరికిపోయే భయమూ లేదు.

చట్టం దగ్గర ఏ గందరగోళమూ లేదు. 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్‌గా వచ్చి, అదే ఏడాది చివర్లో పార్లమెంటు ఆమోదించిన ఈ-సిగరెట్ల నిషేధ చట్టం, ఏదైనా పదార్థాన్ని వేడి చేసి పీల్చే ఆవిరి తయారుచేసే ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటినీ కలిపేసింది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏ పేరుతో ఏ ఆకారంలో ఉన్నా నిషేధమే. లోపల ఏ సెల్లు ఉందన్నది చట్టానికి అనవసరం. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టినా ఆరు నెలల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా ఉన్నాయి.

చట్టం ఉంటే వస్తువు రాదా? గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. వంతెన దాటితే కాళేశ్వరం, మహదేవపూర్ వైపు తెలంగాణ. నది ఇవతల నేరం, అవతల వ్యాపారం అయితే ఏమవుతుందో మా వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అలాగని నిషేధం దండగ అనను. ఊళ్లలో ఆడవాళ్లు కలిసి కూర్చుని పట్టుబట్టిన చోట సారా తగ్గింది. అక్కడ వాళ్లకు ఒక వీలుంది: సారా వాసన వాళ్లకు తెలుసు, అమ్మే ఇల్లు తెలుసు. వేప్ నికోటిన్ పండ్ల వాసన వేస్తుంది. పెన్నులాంటి ఆ వస్తువును చూపిస్తే మా ఊరి పెద్దమ్మలు ఎంతమంది గుర్తుపడతారు? వేప్‌కు రెండు ఒడ్డుల్లోనూ నిషేధమే ఉండటం కొంత నయం. కానీ ఆన్‌లైన్ పార్సిల్‌కు నది అడ్డం కాదు.

2016 నుంచి గడ్చిరోలిలో మద్యం, పొగాకు మీద పనిచేస్తున్న ముక్తిపథ్ కార్యక్రమం ఊరూరా తిరుగుతుంది. సిరోంచ, అంకిసా, ఆసరెల్లి వైపు ఆ ప్రచారం తెలుగులో జరగాలి, అందులో ఖర్రా పొట్లం పక్కన ఈ పరికరాన్ని కూడా చూపించాలి. ఫొటో సరిపోదు, పట్టుబడిన వస్తువే చూపించాలి. పిల్లల సంచుల్లో వెతికేది అమ్మలే కదా.

మానాలనుకునేవాళ్లకు వేప్ ఒక దారి అనే వాదన ఖర్రా దగ్గర అసలు నిలబడదు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. కొద్దిగా నమిలి బుగ్గన పెట్టుకోవడమే దాని పద్ధతి, ఖర్రా మనిషికి అది కొత్తగా నేర్పక్కర్లేదు. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం. ఈ నంబరు సిరోంచ పాన్ ఠేలాల మీద రాయించడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.