రాముడు తిరగబడ్డాడు (3)

తెలుగు చచ్చిపోతోందని సభలు పెట్టి, శాలువాలు కప్పుకుని, కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకి ఒక శుభవార్త. భాషకి వచ్చిన లోటేమీ లేదు. రోజూ తెల్లారేసరికి అరడజను కొత్త మాటలు పుట్టుకొస్తున్నాయి. నిన్న ఒక్కరోజు కాన్పులు చూడండి: డుమురా, తికో, బంకుటుం, గు. నలుగురూ క్షేమం. పురుడు పోసింది దినపత్రికలోని గళ్ళ నుడికట్టు, అదే క్రాస్‌వర్డ్. కోతి తిరగబడితే తికో. కుటుంబం చెల్లాచెదురైతే బంకుటుం. గుర్రానికి తోక తెగితే గు. దానికి ప్రత్యేకంగా ఒంటిగది కేటాయించారు. ఇక డుమురా ఎవరో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. సాక్షాత్తూ శ్రీరామచంద్రమూర్తి. ఆధారం ఇలా ఇచ్చారు: "రాముడు తిరగబడ్డాడు (3)". బ్రాకెట్లో ఉన్నది జవాబులోని అక్షరాల లెక్క.

ఎవరి మీద తిరగబడ్డాడో మాత్రం చెప్పలేదు. నేనైతే ఈ గళ్ళు కట్టే కూర్పరి గారి మీదే అనుకుంటున్నాను.

మాటల ఆటతో నడిచే గడికి ఎక్కడైనా ఒక ఒప్పందం ఉంటుంది. ఆధారంలో ఒక కొస అర్థం చెబుతుంది, రెండో కొస ఆ మాటని ఎలా రాబట్టుకోవాలో చెబుతుంది. రెండు దారుల్లోనూ వెళ్ళి ఒకే గుమ్మం ముందు తేలాలి. తిరగబడింది, చెదిరింది, తల తెగింది, తోక ఊడింది అనే సంకేతాలు ఆ రెండో దారిలో పట్టుకు నడవడానికి ఇచ్చిన చేతికర్రలు. మన పత్రికలో దారీ లేదు, గుమ్మమూ లేదు. కర్ర మాత్రం ఉంది. దాంతో రోజూ ఉదయం మనల్ని బాదుతున్నారు.

బంకుటుం సంగతే తీసుకోండి. "చెల్లాచెదురైన కుటుంబం (3)". మూడు అక్షరాలు ఆరు రకాలుగా నిలబడగలవు. అందులో ఒకటి చెదరని కుటుంబం కాబట్టి, చెదిరినవి అయిదు. ఏది రాయాలి? దాని మొదటి గడి నుంచి కిందికి దిగే నిలువు మాట తేలుస్తుందని కదా మన ఆశ. సరే, నిలువు చూద్దాం: "చెదిరిన కదంబం (3)". చెదిరినదాన్ని చెదిరినదే వచ్చి చక్కదిద్దాలన్నమాట. నేనూ వదల్లేదు. కుటుంబానికీ కదంబానికీ ఉమ్మడిగా ఉన్నది "బం" ఒక్కటే. కాబట్టి ఆ రెండూ కలిసే మొదటి గడిలో బం. ఇంత తర్కం వాడి బం సంపాదించాను. ఆ తర్వాత కుటుంనా, టుంకునా? బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. నేను బంటుంకు అని రాశాను. ఇవాళ జవాబుల్లో బంకుటుం అని వేశారు. అంటే నాది తప్పు! బంకుటుం కన్నా బంటుంకు ఏ విషయంలో తీసిపోయిందో ఏ భాషావేత్త అయినా వచ్చి చెప్పాలి. రెండింటికీ అర్థం లేదు, వ్యుత్పత్తి లేదు, అయినవాళ్ళు లేరు. చెవికి నాదే కాస్త బాగుంది కూడా.

ఇంతటి మేధస్సు ఎలా పనిచేస్తుందా అని ఆలోచిస్తే ఆ దృశ్యం నా కళ్ళకి కట్టింది. రాత్రి పదకొండు. కూర్పరి గారు బల్ల ముందు కూర్చున్నారు. గడి దాదాపు నిండిపోయింది, కింద కుడి మూల ఒక్కటే మొండికేస్తోంది. ఒక పక్క నిలువుగా రావణుడు దిగాడు. ఆయన పాదాల దగ్గర "డు". ఒక గడి వదిలి అవతల నిలువుగా తంబురా దిగింది. దాని అడుగున "రా". మధ్యలో ఒక ఖాళీ. డు, ఖాళీ, రా. ఈ మూడూ కలిపి అడ్డంగా ఒక మాట కావాలి. కూర్పరి గారు కళ్ళు మూసుకుని డుతో మొదలయ్యే తెలుగు మాటలు తలుచుకున్నారు. డుబుక్కు తట్టింది. రాతో ముగియదు. ఇంకోసారి తలుచుకున్నారు. మళ్ళీ డుబుక్కే.

ఇక్కడ మామూలు మనిషి ఏం చేస్తాడు? ఆ మధ్య గడిని నల్లగా నింపేస్తాడు. అడ్డం 33 అనే సమస్యే మాయమవుతుంది. రావణుడు తన దారిన, తంబురా తన దారిన. లేదా తంబురాని పీకేసి వేరే వాయిద్యం వెతుకుతాడు. కూర్పరి గారు మామూలు మనిషి కారు. మధ్యలో "ము" పెట్టి వెనక నుంచి చదివారు. రా, ము, డు! ఒళ్ళు పులకరించింది. దొరికాడు. పద్నాలుగేళ్ళు అడవుల్లో వెతికినా కనబడనివాడు అడ్డం 33లో దొరికాడు. రావణుడేమో నిఘంటువులో ఉన్నట్టే నిటారుగా, నాలుగక్షరాలూ సవ్యంగా నిలబడ్డాడు. ఆయన కాళ్ళ దగ్గర రాముడు వెల్లకిలా. పక్కన తంబురా శ్రుతి. ఇంతమంది రామాయణాలు రాశారు గానీ యుద్ధకాండని ఇలా ముగించాలని ఒక్కరికీ తోచలేదు.

ఒకసారి రక్తం రుచి మరిగాక చెయ్యి ఊరుకుంటుందా? రాముడు పడిపోతే కోతి మాత్రం నిలబడుతుందా, దాన్నీ తిప్పేశారు. పదకొండున్నరకి కుటుంబాలు చెదిరిపోయాయి. పావు తక్కువ పన్నెండుకి గుర్రం తోక తెగింది. పన్నెండింటికి చేతికి ఏనుగు చిక్కింది. "తోక తెగిన ఏనుగు (2)". జవాబు ఏను. పెన్ను మూత పెట్టి, ఆవులించి, పడుకున్నారు.

ఈ ఏను దగ్గరే నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఏను అనేది తెలుగు మాట! నేను అన్నదానికి పాత రూపం. కవిత్రయం కాలం నుంచీ పద్యాల్లో ఉన్నదే. "తోక తెగిన ఏనుగుని నేనే (2)" అని రాసి ఉంటే అర్థమూ ఉండేది, ఆటా ఉండేది, పాఠకుడికి పెదవి మీద నవ్వూ ఉండేది. నిధి మీద కాలు పెట్టి, రాయి తగిలిందనుకుని, తన్నేసి వెళ్ళిపోయారు.

మీరు ఉత్తరం రాస్తే కూర్పరి గారి దగ్గర రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మొదటిది వాల్మీకి. మహర్షి అంతటివాడే మరా మరా అంటూ రామనామం చేశాడు, మీకు డుమురాతో బాధేమిటి అంటారు. అయ్యా, ఆయన అర్థం లేని చప్పుడుతో మొదలుపెట్టి రాముడి దగ్గరికి చేరాడు. మీరు రాముడితో మొదలుపెట్టి అర్థం లేని చప్పుడు దగ్గర తేలారు. ఆయన పుట్టలోంచి బయటికొచ్చాడు, మీరు లోపలికి పోతున్నారు.

రెండో సమాధానంలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఇంగ్లీషువాడికి 26 అక్షరాలు. గడికి ఒక అక్షరం. అడ్డానికీ నిలువుకీ ముడి సులువుగా పడుతుంది. మనకి గడిలో పడేది గుణింతాలూ ఒత్తులూ సున్నాలూ మోసుకొచ్చే నిండు అక్షరం. అలాంటివి వందలు. పైగా మన మాటలు డు, వు, లు, ళ్ళు అని ముగుస్తాయి. వాటితో మొదలవ్వమంటే మొహం చాటేస్తాయి. కాబట్టి పని కష్టమే. కష్టమైతే? గడి చిన్నది చెయ్యండి. నల్ల గడులు ఇంకో పది పెట్టండి. నల్ల గడి మీద ఏ ప్రభుత్వమూ పన్ను వెయ్యలేదు. ఈ కష్టం శ్రీశ్రీకి తెలియదా, ఆరుద్రకి తెలియదా? ఒకరు పదబంధ ప్రహేళిక అన్నారు, ఇంకొకరు గళ్ళ నుడికట్టు అన్నారు. అంత పని ఉన్న కవులు కూడా కూర్చుని గళ్ళు కట్టారంటే ఇది ఖాళీ జాగా నింపే పని కాదనే కదా.

అవతలి దేశంలో ఈ ఆట ఎలా ముదిరిందో చూడండి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో మొదటి గడి వేసినప్పుడు అందులో ఉన్నవి తిన్నని ఆధారాలే. దాన్ని మెలికలు తిప్పినవాళ్ళు బ్రిటన్‌వాళ్ళు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికకి గళ్ళు కూర్చిన ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ తనకి టోర్కెమాడా అని పేరు పెట్టుకున్నాడు. అది స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని హింసించినవాడి పేరు. ఎంత నిజాయితీ! పాఠకుణ్ణి చిత్రహింస పెడతానని ముందే చెప్పాడు. ఆయన తర్వాత వచ్చినవాడు జిమెనెస్ అని ఇంకో విచారణాధికారి పేరు తగిలించుకున్నాడు గానీ, హింసకి ఒక ధర్మం ఉండాలన్నాడు. ఆధారం దారి తప్పించొచ్చు, అబద్ధం ఆడకూడదు. చివరికి వచ్చే మాట మాత్రం మాటే అయి ఉండాలి. మనవాళ్ళు ఆ ధర్మం వదిలేసి హింస ఒక్కటే దిగుమతి చేసుకున్నారు. అదీ మారుపేరు పెట్టుకోకుండా.

తెలుగులో కుదరదంటారా? ఇదిగో, "తలకిందులైన తీగ (2)". తలని తిప్పితే లత. లత అంటే తీగ. ఎక్కడా ఒక్క మాట వృథా పోలేదు. "కలం ఎదురు తిరిగితే రావణుడి రాజ్యం (2)". లంక. "కల పండి వరం దక్కినా ఆందోళనే (4)". కలవరం. "వాటా అడిగితే గ్లాసులో పోసి ఇచ్చారు (2)". పాలు. ఇవేవీ సరస్వతీదేవి కలలో కనబడి చెప్పినవి కావు. గోడ వైపు చూస్తూ కాసేపు కూర్చుంటే ఎవరికైనా తడతాయి. అసలు ఈ భాషకి మాటల ఆట నేర్పాలా? పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ప్రతి పద్యం ఒకలా విరిస్తే రామాయణం, ఇంకోలా విరిస్తే భారతం అయ్యేలా కావ్యం రాశాడు. ఇవాళ్టికీ అవధాని వేదిక మీద కూర్చుని, పక్కవాడు అక్షరం అక్షరానికీ అడ్డం పడుతుంటే, కాగితం కలం లేకుండా నిషిద్ధాక్షరి పూరిస్తాడు. పూరించాక పద్యానికి అర్థం ఉంటుంది. గమనించారా? అర్థం ఉంటుంది! అడ్డం పడుతున్నారు కదా అని బంకుటుం అనడు.

ఇదంతా సరదా కోసమేనండీ, సీరియస్‌గా తీసుకోకండి అంటారేమో. తీసుకుంటాను. ఏ ఇంట్లోనో ఏడో తరగతి పిల్ల తాతగారి పక్కన చేరి పెన్సిల్‌తో ఈ గడి నింపుతూ ఉంటుంది. తెలుగు చదివే పిల్ల దొరకడమే గగనం అని మీరే సంపాదకీయాల్లో రాస్తారు, అలాంటి పిల్ల. ఆ పిల్లకి డు వచ్చింది, రా వచ్చింది, మధ్యలో ఏముందో తెలియలేదు. నిఘంటువు తీసి డు దగ్గర వెతుకుతుంది. ఉండదు. ఉండదు కాబట్టి తప్పు పుస్తకానిది కాదు, పత్రికది కాదు, తనదే అనుకుంటుంది. నాకు తెలుగు రాదు తాతయ్యా అని పుస్తకం మూసేస్తుంది. ఆయన ఈ భాషలో అరవై ఏళ్ళు బతికాడు. ఆయనా కళ్ళజోడు తీసి, నాకూ తట్టడం లేదమ్మా, వయసైపోయింది అంటాడు. వయసు కాదు తాతయ్యా! అక్కడ మాట లేదు! ఒక మనిషికి ఓపిక లేక, రాత్రి పన్నెండయిందని, రేపు ఎవడు అడుగుతాడులే అని, చెత్త ఊడ్చి గడిలో పోసి, దాని మీద ఆధారం అని చీటీ అంటించి, మీ ఇద్దరి చేతా మాకు తెలుగు రాదు అనిపించాడు. ఇది సరదానా? కూర్చడం చేతకాకపోతే ఊరికే కూర్చోండి. ఆ జాగాలో ఇంకో ప్రకటన వేసుకోండి, కనీసం అందులో ఉన్న మాటలకి అర్థం ఉంటుంది.

పత్రిక యాజమాన్యానికి నాదొక్కటే మనవి. కూర్పరి గారిని ఉద్యోగంలోంచి తీసెయ్యమని అనను. అచ్చయిన వారం తర్వాత ఆయన గడిని ఆయనకే ఇవ్వండి. జవాబుల కాగితం ముందే లాక్కోండి. గదికి బయట గడియ పెట్టండి. టీ కావాలంటే కిటికీలోంచి అందించండి, ఫ్యాన్ కావాలంటే వెయ్యండి. "చెల్లాచెదురైన కుటుంబం" దగ్గర ఎంతసేపు చెమటలు పడితే అంతసేపు పట్టనివ్వండి. చేతికి పెన్నే ఇవ్వండి. పెన్సిలూ రబ్బరూ అడుగుతారు. ఇవ్వకండి.