మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు

(తిరుపతి, బైరాగిపట్టెడ. మార్గశిరం మొదటి ఆదివారం, పొద్దున ఆరు దాటింది. కొండ సగానికి పైన మంచులో ఉంది. సులోచన వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. లోపలి గదిలోంచి మునిరత్నం వచ్చాడు. మోకాళ్ళకు, మోచేతులకు ప్లాస్టిక్ చిప్పలున్న నల్ల జాకెట్టు సెట్టు, చేతులకు లావు గ్లౌజులు, నెత్తిన మంకీ క్యాప్, దాని మీద హెల్మెట్.)

సులోచన: ఎవరయ్యా నువ్వు? మా ఆయన లోపల నిద్రపోతా ఉన్నాడు. లేపమంటావా?

మునిరత్నం: మ్మ్ మ్మ్ మ్మ్.

సులోచన: ఆఁ?

(హెల్మెట్ తీశాడు. క్యాపు కూడా దాంతోపాటే ఊడి వచ్చింది.)

మునిరత్నం: తలకోనకు పోదాం రామ్మే అంటున్నా. వానలు వెనకబట్టినాయి, జలపాతం నిండుగా ఉంటుంది. బండి మీద తిరగాలంటే ఈ రెండు మూడు నెలలే. శివరాత్రి దాటితే ఊరంతా పెనమే.

సులోచన: అది సరే, ఈ వేషం ఏంది?

మునిరత్నం: చలి.

సులోచన: ఎంత చలి?

మునిరత్నం: (ఫోన్ చూసి) ఇరవై డిగ్రీలు.

సులోచన: తలనీలాలిచ్చి, తడిగుండుతో కొండ మీద క్యూలో నిలబడతారే, వాళ్ళకు లేని చలి నీకొచ్చిందా?

మునిరత్నం: వాళ్ళు అరవై స్పీడులో నిలబడరు కదా! ఇరవై అనేది ఇంట్లో. బండి మీద ఎదురుగాలి కొడితే ఒంట్లో వేడి నిలవదు. వేళ్ళు కొయ్యబారిపోతే భాకరాపేట ఘాట్ మలుపుల్లో బ్రేకు ఎట్ల పట్టుకునేది? అందుకే గ్లౌజులు. పట్టు ముఖ్యం.

సులోచన: మా నాయన పూతలపట్టు నుంచి చిత్తూరుకు తెల్లారుజామునే సైకిల్ మీద పాలు తీసకపోయేవాడు. చొక్కా లోపల ఎదురురొమ్మున పాత పేపరు పెట్టుకుంటే ఇంత ఈదర కూడా లోపలికి పోదు. జాకెట్టు ఎంత?

మునిరత్నం: పేపరు ఐడియా మంచిదేమ్మే. మీ నాయన గొప్పోడు.

సులోచన: జాకెట్టు ఎంత అంటున్నా.

మునిరత్నం: ఆఫర్లో తీసుకున్నా.

సులోచన: ఆఫర్ అనేది రేటు కాదు.

మునిరత్నం: (మాట మార్చి) పోయిన నెల హార్స్లీ కొండకు పోదామన్నా. నాలుగు వేల అడుగుల ఎత్తు, యూకలిప్టస్ చెట్లు, మంచు... అప్పుడూ రానంటివి.

సులోచన: కడప కలెక్టరు దొర ఎండకు తాళలేక వేసవిలో ఉండడానికి ఇల్లు కట్టుకున్న చోటు అది. దొర ఎండలకు పోయిన కొండకు నువ్వు చలికి పోతానంటే ఏం చెప్పేది? అయినా మనం ఆగింది నేను రానన్నందుకు కాదు. గుర్తు తెచ్చుకో. ఆ శనివారం మీ మేనత్త కొడుకు దిగినాడు, ఎనిమిది మందితో.

మునిరత్నం: దర్శనానికి వచ్చినారు. దేవుడి పని.

సులోచన: దేవుడి పనికి నా దోసెపిండి అయిపోయింది. 300 రూపాయల టికెట్ దొరకలేదంట. ‘తిరుపతిలోనే ఉన్నావు, ఒక లెటర్ ఇప్పించలేవా’ అంటే నువ్వేమన్నావు? ‘చూద్దాం’ అన్నావు. వాళ్ళు చూస్తా మూడు రోజులు మనింట్లోనే ఉన్నారు.

మునిరత్నం: మరి మీ తమ్ముడు? వచ్చిన ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టే! కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు, మంగాపురం. హ్యాండిల్ వదిలేసినా బండి దానంతటదే పోయి గుళ్ళ ముందర నిలబడుతుంది. దేశమంతా వీకెండ్‌కు తిరుపతికొస్తుంది. తిరుపతోడికి మాత్రం వీకెండ్ లేదు!

(తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు. మిగతావాళ్ళు తాము చివరిసారి ఎవరింట్లో దిగారో గుర్తు చేసుకోవచ్చు.)

సులోచన: మా తమ్ముడి మాట ఎత్తబాక. వాడొచ్చేటప్పుడు బెల్లం తెస్తాడు.

మునిరత్నం: పోయేటప్పుడు లడ్లు తీసకపోతాడు.

సులోచన: సరే, ఊరికే నిలబడకుండా నాలుగు గింజలు పితుకు.

(మునిరత్నం కూర్చున్నాడు. మోకాలి చిప్పలు వంగక, కూర్చోవడానికే కొంత సేపు పట్టింది. సులోచన బొటనవేలితో అలా నొక్కగానే తోలు వేళ్ళ మధ్య మిగిలి, లేత పచ్చటి పప్పు సుతారంగా గిన్నెలోకి జారుతోంది. మునిరత్నం గ్లౌజుతోనే నొక్కాడు. గింజ ఎగిరి హెల్మెట్‌లో పడింది. రెండోది క్యాలెండర్‌లోని వేంకటేశ్వరస్వామికి తగిలింది.)

సులోచన: అపచారం! చెంపలేసుకో.

(గ్లౌజులతోనే వేసుకున్నాడు. గట్టిగానే తగిలినట్టుంది.)

సులోచన: వాన మాటేంది? 2021 నవంబరులో కూడా చినుకులే అన్నావు. స్వర్ణముఖి పొంగి, ఘాట్ రోడ్లు రెండూ మూసేసి, మన వీధిలో నీళ్ళు పారితే బండిని కిటికీ ఊచకు తాడేసి కట్టినాం.

మునిరత్నం: ఇప్పుడు ఆకాశం చూడు, ఒక్క మబ్బు లేదు.

సులోచన: టైర్లలో గాలి చూసినావా? చలికి తగ్గుతుంది.

మునిరత్నం: (ఉలిక్కిపడి) నీకెట్ల తెలుసు?

సులోచన: నువ్వు రాత్రంతా ఆ వీడియోలు చూస్తుంటే పక్కన నాకు చెవులు లేవా? ‘మిత్రులారా, పొద్దున్నే చెట్ల నీడన రోడ్డు ఆరదు, రాలిన ఆకుల మీద సడన్ బ్రేకు వేయొద్దు’ అని పన్నెండు దాకా అదే గొంతు. పాత బండి, చోకు లాగకుండా కిక్కు కొడితే మధ్యాహ్నమైనా కదలదు. పో, పోయి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచు.

మునిరత్నం: అంటే... వస్తావా?

సులోచన: రాకుంటే ఇన్ని గింజలు ఎవురికి పితుకుతున్నా? పప్పు దించి, సంగటి కెలికి డబ్బాలో పెట్టుకుంటే తొమ్మిదికల్లా నెరబైలు దాటతాం. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. నువ్వు గంటసేపు మాట్లాడితివి.

మునిరత్నం: నేనా!

(పప్పు కుక్కర్లో పడింది. మూత బిగిసింది.)

సులోచన: రెండే విజిల్స్. పితికిపప్పు మూడో విజిల్‌కు పేస్ట్ అయిపోతుంది. చూస్తా ఉండు, నేను చీర మార్చుకుని వస్తా.

(ఫోన్ మోగింది. ఇద్దరూ దాని వైపు చూశారు. ఆదివారం పొద్దున ఆరున్నరకు తిరుపతిలో ఫోన్ మోగితే ఎవరూ వెంటనే ఎత్తరు. సులోచన చేతులు తడి. మోచేత్తో స్పీకర్ నొక్కింది.)

తమ్ముడు: అక్కా! రేణిగుంటలో దిగినాం. అయిదుగురం. బావ ఇంట్లోనే కదా?

(మునిరత్నం రెండు చేతులూ జోడించాడు. సులోచన అతన్ని చూసింది, జాకెట్టును చూసింది, కుక్కర్‌ను చూసింది.)

సులోచన: ఇంట్లో లేము రా. తలకోనలో ఉన్నాం.

తమ్ముడు: ఇంత పొద్దున్నేనా?

సులోచన: పొద్దు చాలదని రాత్రే వచ్చేసినాం. జలపాతం దగ్గరే ఉన్నాం.

తమ్ముడు: నీళ్ళ శబ్దమే లేదే?

(మునిరత్నం పరుగున పోయి సింకులో కొళాయి తిప్పి, దాని కింద స్టీలు పళ్ళెం పెట్టాడు.)

తమ్ముడు: ఆఁ, ఇప్పుడు వినబడతా ఉంది. అబ్బ, ఎంత ఎత్తు నుంచి పడతా ఉంది అక్కా!

సులోచన: 270 అడుగులు రా!

(కుక్కర్ మొదటి విజిల్.)

తమ్ముడు: అదేంది?

సులోచన: గార్డు. ఫారెస్టు గార్డు. లోతుకు పోవద్దని విజిల్ వేస్తాడు.

(రెండో విజిల్.)

తమ్ముడు: మళ్ళీ వేసినాడే?

సులోచన: మీ బావే. చెప్తే వినడు గదా, లోతుకు పోతా ఉన్నాడు.

(మునిరత్నం స్టవ్ మీద పడ్డాడు. గ్లౌజు వేళ్ళకు నాబ్ చిక్కలేదు. ఒకసారి తిప్పితే మంట పెరిగింది. పళ్ళతో గ్లౌజు లాగాడు, రాలేదు. మూడో విజిల్ నింపాదిగా, నిండుగా వచ్చింది.)

తమ్ముడు: అక్కా, ఇంగ ఆ గార్డును దించెయ్. పితికిపప్పు పేస్ట్ అయిపోతుంది. ఆటో ఎక్కినాం, అరగంటలో వచ్చేస్తాం.