గ్యాస్‌నూనె అలవాటు, సీసాలో పెట్రోల్

మా బాబాయికి ఇప్పటికీ కుడి చేతి పిడికిలి పూర్తిగా ముడవదు. వరంగల్ దగ్గర పల్లెలో పత్తి వేస్తాడు. ఆ ఏడు మొదటిసారి మందు కొట్టడానికి అటక మీది తైవాన్ స్ప్రేయర్ (పెట్రోల్ ఇంజన్‌తో నడిచేది) దించాడు. పోయిన సీజన్‌లో మిగిలిన పెట్రోల్ ఇంకా అందులోనే ఉంది. తాడు ఎంత గుంజినా స్టార్ట్ కాలేదు. ప్లగ్గు తడిసిందేమోనని విప్పి, గుడ్డతో తుడిచి, కరెంటు వస్తుందో లేదో చూద్దామని దాన్ని ఇంజన్ బాడీకి ఆనించి పట్టుకున్నాడు. "గుంజురా" అన్నాడు నాతో. గుంజాను. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోల్ తుంపర బుస్సున వచ్చింది. బెత్తెడు దూరంలో ప్లగ్గు కొసన రవ్వ. భగ్గుమంది. బాబాయి ఉలిక్కిపడి వెనక్కి జరిగేసరికి మోకాలి పక్కన మూత తీసి పెట్టిన, పెట్రోల్ ఉన్న రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ ఒరిగిపోయింది. పిన్ని కంగారులో బకెట్ నీళ్లు తెచ్చి కుమ్మరించింది. మంట నీళ్ల మీద తేలుకుంటూ వాకిలంతా పరుచుకుంది. చివరికి తడిపిన గోనెసంచులు కప్పితే ఆగింది.

ఆ రోజు మా వాకిట్లో జరిగినవాటిలో ఏ ఒక్కటీ వింత పని కాదు. ప్లగ్గు అలా చూడటం ఊళ్లో మీసాలు రాని పిల్లగాడికీ వచ్చు. కిరాణా కొట్టులో లీటరుకు పదో ఇరవయ్యో ఎక్కువిచ్చి కూల్‌డ్రింక్ బాటిల్‌లో పెట్రోల్ తెచ్చుకోవడం అందరూ చేసేదే. అందుకే ఇలాంటివి జరిగినప్పుడు "అజాగ్రత్త" అని ఒక్క మాటతో తేల్చేస్తే నా మనసు ఒప్పుకోదు. మా బాబాయి పురుగుమందు డబ్బాలకు తాళం వేసి పెట్టుకునే మనిషి. ఆయన చేతులకు అలవాటైన నూనె వేరు, ఆ రోజు చేతిలో ఉన్న నూనె వేరు. అసలు చిక్కు అక్కడుంది.

మా ఇళ్లన్నీ గ్యాస్‌నూనెతో నడిచినవే. ఆంధ్రా వైపు కిరసనాయిలు అంటారు. రేషన్ షాపులో పోసే ఆ నీలం రంగు నూనెను ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యి పక్కనే పెట్టేవాళ్లం. ఒక బుడ్డి వెలుగుతుండగానే ఇంకో బుడ్డిలో గరాటు పెట్టి నింపేవాళ్లం. చాలాసార్లు ఏమీ కాలేదు. ఎందుకంటే గ్యాస్‌నూనె అంటుకునేంత ఆవిరి వదలాలంటే అది 35 డిగ్రీలు దాటి వేడెక్కాలి. డీజిల్ సంగతీ అంతే. (మే నెల ఎండలో డబ్బా బయట పెడితే మాత్రం ఆ ధైర్యం కూడా పనికిరాదు.) పెట్రోల్‌కి ఈ లెక్క వర్తించదు. సున్నాకి 40 డిగ్రీలు కింద ఉండే చలిలో కూడా అది మండేంత ఆవిరిని వదులుతుంది. అంటే మన దగ్గర ఏ కాలంలోనైనా, ఏ వేళలోనైనా మూత తీసిన క్షణం నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. వరండాలో సీసా తెరిస్తే గడప దాటి వంటింటి దాకా, తులసికోట ముందు దీపం దాకా పోగలదు. అక్కడ అంటుకుంటే మంట అదే దారిన వెనక్కి, సీసా దాకా వస్తుంది. మన చూపంతా సీసాలోని ద్రవం మీద ఉంటుంది. మండేదేమో కంటికి కనపడని ఆవిరి.

ఇది అర్థమైతే ఖాళీ ట్యాంకు ఎందుకు భయపెట్టాలో కూడా అర్థమవుతుంది. గాలిలో పెట్రోల్ ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ల నుంచి ఏడున్నర పాళ్ల మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకు లోపల ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది. పెట్రోల్ తీసేశాక గాలి దూరి దాన్ని సరిగ్గా ఆ పాళ్లకు తెస్తుంది. "అంతా తీసేశాం కదా" అనుకుని బైక్ ట్యాంకు చిల్లికి వెల్డింగ్ పెట్టించబోయి ప్రాణం మీదికి తెచ్చుకునేది ఇందుకే.

పట్నంలో ఇదే కథ పార్కింగ్‌లో నడుస్తుంది. 2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ చేసి ఉన్నాయి. అక్కడే కారు రిపేరు చేస్తుండగా రవ్వ లేచి అంటుకుందని ఆనాడు అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది పోయారు. రెండు చోట్లా మంట కింద మొదలైంది, మనుషులు పైన ఉన్నారు. మన అపార్ట్‌మెంట్లలో మెట్లు మొదలయ్యేది పార్కింగ్‌లోనే, చాలావాటికి వేరే దారి ఉండదు. ఆదివారం పొద్దున అదే పార్కింగ్‌లో పాత టూత్‌బ్రష్ పెట్రోల్‌లో ముంచి చెయిన్ తోముతుంటారు. పెట్రోల్‌తో కడిగితే కొత్త బైకుల చెయిన్‌లో ఉండే రబ్బరు రింగులు దెబ్బతింటాయి, ఆ పనికి గ్యాస్‌నూనే మంచిది. మనం దాన్ని వదిలేసి పెట్రోల్ పట్టుకున్నాం.

చెయిన్ సంగతి చిన్నదే. నోటితో పైపు పీల్చి పెట్రోల్ తీయడం చిన్నది కాదు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటి జబ్బు పట్టుకుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయిస్తారు. అది ఇంకా ప్రమాదం, మింగిన పెట్రోల్ పైకొచ్చేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య నిబంధన) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి, పెట్రోల్‌ని ఒత్తిడితో ఇంజన్‌కి పంపే ఇంజెక్షన్ వచ్చింది. పాత బండి మాదిరి కింద పైపు లాగితే ధారగా కారదు, ఒత్తిడితో వేడి ఇంజన్ మీదికి చిమ్ముతుంది. బండి మారింది, చేతి అలవాటు మారలేదు.

ఇక నిల్వ. 2024 జనవరి 2న, లారీ డ్రైవర్ల సమ్మెతో పెట్రోల్ దొరకదన్న భయం పుట్టగానే హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టాం. టెన్షన్‌లో కొందరు క్యాన్లలో నింపుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆ క్యాన్లు ఏ మంచం కింద, ఏ మెట్ల కింద ఉండిపోయాయో అన్న ఆలోచనే నన్ను భయపెడుతుంది. నిల్వ ఉంటే పెట్రోల్ పాడవుతుంది కూడా. తేలిగ్గా మండే భాగం ముందే ఎగిరిపోతుంది. ఇప్పుడు అమ్మే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంది, అది తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. మరుసటి సీజన్‌లో ఇంజన్ స్టార్ట్ కాదు, ప్లగ్గు విప్పుతాం. మా బాబాయి కథ మొదలైంది సరిగ్గా అక్కడే.

చట్టం ఏమంటోందో చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. 1934 నాటి పెట్రోలియం చట్టం ఇంట్లో పెట్రోల్ పెట్టుకోవడాన్ని నిషేధించలేదు. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే లైసెన్స్ లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. కాకపోతే మూత బిగుతుగా ఉండాలి, గాజు సీసా, జాడీ అయితే లీటరుకు మించకూడదు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ ఊసే లేదు. అంటే మన కూల్‌డ్రింక్ బాటిల్ ఆ మినహాయింపులోకి రాదు, ఇనుప డబ్బా వస్తుంది. కిరాణా కొట్టులో అమ్మకం అసలే రాదు, ఎందుకంటే అది అమ్మకం.

2019 నవంబర్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్‌ను ఆఫీసులోనే పెట్రోల్ పోసి చంపిన ఘోరం తర్వాత, సీసాల్లో పెట్రోల్ పోయొద్దన్న మాట గట్టిగా వినబడింది. ఆ జాగ్రత్త సరైనదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ స్ప్రేయర్‌ని బంకు దాకా నడిపించుకుపోలేం. రైతుకు సీజన్‌లో వారానికి నాలుగైదు లీటర్లు కావాలి. బంకు కాదంటే ఆ అవసరం మాయమైపోదు, ఉప్పు బస్తాల పక్కన, దోమల చక్రం వెలుగుతున్న కిరాణా కొట్టులోకి మారుతుంది. అదే బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల లోహపు డబ్బాను డిపాజిట్ మీద ఇచ్చి, పాసు పుస్తకమో ఆధార్ కార్డో చూసి, పేరు రాసుకుని పోస్తే తప్పేముంది? ఎవరు తీసుకెళ్లారో తెలుస్తుంది, ప్లాస్టిక్ సీసాలూ పోతాయి. ఆయిల్ కంపెనీలూ, పెట్రోలియం భద్రత చూసే నాగ్‌పూర్‌లోని పెసో సంస్థా తలచుకుంటే ఒక్క సీజన్‌లో అయ్యే పని.

చేతికి తోలు మానాక బాబాయి వరంగల్‌లో వెతికి మరీ మర మూత ఉన్న ఇనుప డబ్బా కొన్నాడు. గొడ్ల కొట్టానికి అవతల, నీడలో, ఇంటికి దూరంగా దానికి చోటు కూడా కట్టించాడు. డబ్బా పట్టుకుని బంకుకి వెళ్తే అక్కడి కుర్రాడు "డబ్బాల్లో పొయ్యం పెద్దాయనా, రూల్ లేదు" అన్నాడు. బాబాయి ఇంకో బంకు చూశాడు. అక్కడా అదే మాట. పొద్దుగూకుతోంది, పత్తికి పచ్చదోమ పట్టి ఉంది. తిరిగొస్తూ మా ఊరి కిరాణా కొట్టు దగ్గర ఆగి, రెండు కూల్‌డ్రింక్ బాటిళ్లు తీసుకుని ఇంటికొచ్చాడు.