నంబరు ఒప్పే, డ్రైవరే తప్పు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో ఒక తీవ్రమైన పౌరబాధ్యతా లోపాన్ని చాలాకాలంగా గమనిస్తున్నాను. పండక్కి ఊరికి బయలుదేరేవారిని ఏ దారిన వెళ్తున్నారని అడిగితే, అనంతపురం వారు బళ్లారి రోడ్డు అంటారు, చిత్తూరు వారు ఓల్డ్ మద్రాస్ రోడ్డు అంటారు, ఇద్దరిలో ఒక్కరూ నంబరు చెప్పరు. కేంద్ర ప్రభుత్వం ఎంతో శ్రమకోర్చి రహదారులకు ఇచ్చిన అంకెలు ఒక్కరి నోటా పలకక బోర్డుల మీదే వెలిసిపోతుంటే, రవాణా శాఖ తరఫున కాకపోయినా గణితశాస్త్రం తరఫున ఎవరో ఒకరు పూనుకోక తప్పదు.

పాత నంబర్లను చూసి రోడ్డు ఏ దిక్కుకు పోతుందో ఊహించడం బ్రహ్మతరం కూడా అయ్యేది కాదు. 2010లో ప్రభుత్వం ఆ అరాచకానికి స్వస్తి పలికింది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రధాన రహదారులకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు కేటాయించింది. సరి సంఖ్యలు తూర్పున మొదలై పడమరకు పెరుగుతాయి కనుక అస్సాంలోని డిబ్రూగఢ్ నుంచి దిగే దారి 2 అయింది, కోల్‌కతా నుంచి మన కోస్తా వెంట చెన్నైకి వచ్చేది 16 అయింది, శ్రీనగర్ నుంచి బెంగళూరు మీదుగా కన్యాకుమారి చేరేది 44 అయింది, పడమటి తీరం వెంబడి పోయేది 66 అయింది. బేసి సంఖ్యలు ఉత్తరాన మొదలై దక్షిణానికి పెరుగుతాయి కనుక శ్రీనగర్-లేహ్ దారి 1, ధనుష్కోటికి పోయేది 87. ఇంతటి నిర్దుష్టమైన ఏర్పాటును గరుత్మంతుడు పైనుంచి చూస్తే తల వంచి నమస్కరిస్తాడు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్న మనిషికి అది కనిపించకపోవడం రెక్కలు లేకపోవడం వల్ల వచ్చిన లోపమే తప్ప వ్యవస్థ లోపం కాదు.

పాత నంబర్లు ఏమయ్యాయన్న ప్రశ్న కొందరు వృద్ధులను ఇంకా వేధిస్తోంది. బెంగళూరు నుంచి హైదరాబాదు తీసుకుపోయిన 7, ఇప్పుడు పంజాబ్‌లోని ఫాజిల్కాలో బయలుదేరి బదరీనాథ్ మీదుగా మాణా చేరుతోంది. కోస్తావారి 5 సిమ్లా దాటి షిప్కీ లా కనుమ ఎక్కింది. హైదరాబాదు, విజయవాడల మధ్య అంతకాలం తిరిగిన 9 పిథోరాగఢ్ కొండల్లోకి వెళ్లిపోయింది. ముంబై, బెంగళూరు, చెన్నైలను కలిపిన 4 మాత్రం అండమాన్‌లో తేలింది. అంటే తెలుగువారికి తరతరాలుగా తెలిసిన నాలుగు నంబర్లలో మూడు వానప్రస్థానికి వెళ్లగా, నాలుగోదానికి ద్వీపాంతరవాస శిక్ష పడింది. (అక్కడి పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. కొత్త నంబరు జనానికి అలవాటయ్యేలోపు ఊరి పేరు మార్చడం సమర్థ పాలనకు నిదర్శనం.)

ఇంతకీ ఆ 4 ఖాళీ చేసిన రోడ్డు సంగతి చూడాలి. కోలారు, చిత్తూరు మీదుగా చెన్నై పోయే ఆ పాత దారి ఇప్పుడు ముళబాగిలు వరకు 75, అక్కడి నుంచి పలమనేరు మీదుగా చిత్తూరు వరకు 69, చిత్తూరు నుంచి రాణీపేట వరకు 40, ఆపైన చెన్నై వరకు 48. డ్రైవరు ఒకే దారిన పోతున్నానని భ్రమపడుతుంటాడు. నిజానికి 75 అనేది బంట్వాళలో బయలుదేరి వేలూరు పోతోంది, 69 హొన్నావర నుంచి వస్తోంది, 40 కర్నూలు నుంచి, 48 ఏకంగా ఢిల్లీ నుంచి వస్తున్నాయి. ఎవరి పని మీద వారు పోతూ కాసేపు మనకు తోడొచ్చిన పెద్దమనుషులను, చెన్నై దాకా ఎందుకు దిగబెట్టలేదని నిలదీయడం సంస్కారం అనిపించుకోదు.

హోసూరు మీదుగా వెళ్లేవారికి ఈ కొరత లేదు. ఎలక్ట్రానిక్ సిటీ దాటి కృష్ణగిరి వరకు ఉన్న ఒకే రోడ్డుకు 44, 48 అనే రెండు జాతీయ నంబర్లతో పాటు, ఆసియా హైవేల లెక్కలో 43, 45 అని మరో రెండు నంబర్లున్నాయి. నాలుగు నంబర్లను మోస్తున్న రోడ్డు మీద బండ్లు ఎందుకు కదలవని ఇంకా అడిగేవారికి నేను జవాబు చెప్పను. కృష్ణగిరిలో 44 సేలం వైపు దిగిపోతే, 48 తూర్పుకు తిరిగి చెన్నై పోతుంది. తూర్పుకు పోయేదానికి సరి సంఖ్య ఏమిటని ఒక సందేహం రావచ్చు. ఢిల్లీలో బయలుదేరేటప్పుడు అది దక్షిణానికే మొహం పెట్టింది. అంత దూరం వచ్చాక ఒక మలుపు కోసం నంబరు మార్చుకోమనడం భావ్యమా?

మూడంకెల నంబర్లలో మొదటి అంకె శాఖను, చివరి రెండు తల్లి రహదారిని తెలుపుతాయి. ఆ లెక్కన మైసూరు రోడ్డు 275 కాగా, చెన్నై నుంచి పుత్తూరు మీదుగా రేణిగుంట పోయేది 716, అనగా 16కు ఏడో శాఖ. దర్శనానికి పోయే భక్తులు మాత్రం ఆ ఏడు ఏడుకొండలవాడిదేనని నమ్ముతారు, ఏడో శాఖ అంటే వినరు.

కొత్త నంబర్లను శ్రద్ధగా నేర్చుకున్నది ఒక్క రియల్ ఎస్టేట్ వారే. దేవనహళ్లి దాటాక ఏ బీడు భూమికైనా నలభై నాలుగుకు ఆనుకునే ఉందని వారు ధారాళంగా చెప్పగలరు. ఈలోగా హోస్కోటె నుంచి చెన్నైకి వేస్తున్న ఎక్స్‌ప్రెస్‌వేకు, ఆ వర్గానికి వేరే వరుస ఉంది కనుక, ఎన్‌ఈ (నేషనల్ ఎక్స్‌ప్రెస్‌వే) 7 అని నంబరిచ్చారు. బదరీనాథ్ వెళ్లిన 7 తిరిగొచ్చిందని పాత తరంవారు సంతోషించారు. ఆ 7 వేరు, ఈ 7 వేరు అని వారికి ఇంటింటికీ తిరిగి చెప్పే బాధ్యత ఎవరిదో తేలాలి.

అంతవరకు తక్షణ చర్యగా నాదొక ప్రతిపాదన. చిత్తూరుకు దారెటని టీ కొట్టు దగ్గర అడిగిన ప్రతి డ్రైవరుకూ జరిమానా వేయాలి, చేత్తో చూపించిన టీ కొట్టాయనకూ వేయాలి. ఆయన తూర్పుకో పడమరకో చూపిస్తే ఆ మొత్తం బేసి సంఖ్యలో, ఉత్తర దక్షిణాలకు చూపిస్తే సరి సంఖ్యలో వసూలు చేయాలి.